పెసహ్ పండుగ, ఆజీ ఇంటి గుమ్మం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది రాజమండ్రి. మెట్టినిల్లు ముంబై పక్కన ఠాణే. మా ఆయన వాళ్ళ అమ్మమ్మ, అంటే ఇంట్లో అందరూ ఆజీ అని పిలిచే మనిషి, యూదుల ఇంట పుట్టిందని మాకు పెళ్ళయిన పదకొండేళ్ళకు గానీ తెలియలేదు. అప్పటి నుంచి పుట్టింటివాళ్ళు, ఆఫీసులో తెలుగువాళ్ళు, చర్చికి వెళ్ళే స్నేహితురాళ్ళు ఆజీ గురించి, యూదుల పెసహ్ పండుగ గురించి అవే ప్రశ్నలు తిప్పి తిప్పి అడుగుతున్నారు. అందరికీ ఫోన్లో చెప్పలేక ఇలా రాసి పెడుతున్నాను. నేను పండితురాలిని కాను, ఆ ఇంటి కోడలిని అంతే.

అసలు ఎలా బయటపడింది?

రంగులు వేయించబోతే బయటపడింది. ఆజీ పోయాక ఆవిడ ఉన్న పాత ఇల్లు అమ్మేద్దామని పెయింటర్‌ని పిలిచాం. అతను గుమ్మం గీకుతుంటే కుడివైపు ద్వారబంధం మీద, భుజం ఎత్తున, ఒకదాని కింద ఒకటి రెండు మేకుల రంధ్రాలు కనిపించాయి. వాటి మధ్య చూపుడువేలంత మేర చెక్క రంగే వేరు. "పుట్టీ పెట్టేయనా?" అని అడిగాడు. మా అత్తయ్య దగ్గరికొచ్చి చేత్తో తడిమి, "ఇక్కడ ఆయీ తాయెత్తు ఉండేది. వెళ్తూ వస్తూ ముట్టుకుని వేళ్ళు ముద్దు పెట్టుకునేది" అంది. ఆయీ అంటే మరాఠీలో అమ్మ.

అది తాయెత్తు కాదు, మెజూజా. తోలు మీద చేత్తో రాసిన లేఖన వాక్యాలను చుట్టి, చిన్న గొట్టంలో పెట్టి, యూదులు ఇంటి గుమ్మానికి కుడివైపు బిగిస్తారు. ఆ తర్వాత ట్రంకుపెట్టె అడుగున ఒక పుస్తకం దొరికింది. కుడి నుంచి తెరుచుకుంటుంది, ఒక పక్క మరాఠీ, ఇంకో పక్క మాకు తెలియని అక్షరాలు. మా ఆయన దాన్ని ఠాణేలోని సినగాగ్‌కి పట్టుకెళ్ళాడు. 1879లో కట్టిన ప్రార్థనా మందిరం అది, మేం రోజూ దాని ముందు నుంచే వెళ్తాం. అక్కడి పెద్దాయన పుస్తకం చూడగానే, "అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు?" అని అడిగారట.

ఆవిడ ఎందుకు దాచిపెట్టింది?

దాచలేదు. ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. 1950ల్లో మరాఠీ హిందూ అబ్బాయిని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. అన్నదమ్ములు మాటలు మానేసి, తర్వాత ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. ఆవిడ ఇక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆనవాళ్ళన్నీ కళ్ళెదుటే ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం దీపం పెట్టాక పొయ్యి ముట్టించేది కాదట. మటన్ కూరలో పెరుగు వేయనిచ్చేది కాదు, కొబ్బరిపాలే. మాంసం, పాలు కలపకూడదన్న యూదుల నియమం అది. ఇంట్లోవాళ్ళంతా "ఆజీకి పెరుగు పడదు" అనుకున్నారు. నేనూ కాపురానికొచ్చిన కొత్తలో చికెన్‌ని పెరుగులో నానబెట్టి, ఆవిడ ముఖం చూసి, నా వంట నచ్చలేదేమోనని ఏడ్చాను.

బెనె ఇస్రాయెల్ అంటే ఎవరు?

ఆజీ పుట్టింటివాళ్ళ సమాజం, కొంకణ్ తీరపు యూదులు. ఎప్పుడో ఒక ఓడ అలీబాగ్ దగ్గర నవ్‌గావ్ ఒడ్డున పగిలిపోయిందని, ఏడు జంటలు బతికి బయటపడ్డాయని, తాము వాళ్ళ సంతానమని చెప్పుకుంటారు. అది ఏ కాలమో చరిత్రకారులది ఒకే మాట కాదు. ఊళ్ళల్లో గానుగలు ఆడించి నూనె తీసేవాళ్ళు. శనివారం మాత్రం ఎద్దుల్ని విప్పేసేవాళ్ళు కాబట్టి చుట్టుపక్కలవాళ్ళు 'శనివార్ తేలీ' అన్నారు, అంటే శనివారం పని చేయని తెలికలవాళ్ళు. చీర, మంగళసూత్రం, మరాఠీ అన్నీ చుట్టూ ఉన్నవాళ్ళవే. సున్తీ, శనివారపు విశ్రాంతి, తిండి నియమాలు, 'షెమా' అనే ఒక్క ప్రార్థన మాత్రం వదల్లేదు.

బ్రిటిష్ కాలంలో సైన్యం, రైల్వే, తపాలా ఉద్యోగాల కోసం ముంబై చేరారు. 1796లో సామ్యూల్ దివేకర్ అనే సైనికాధికారి అక్కడ వాళ్ళ మొదటి సినగాగ్ కట్టించాడు. సినగాగ్‌ని వాళ్ళు మశీద్ అనేవాళ్ళు. ముంబై లోకల్ ఎక్కినవాళ్ళకు తెలిసిన మస్జిద్ స్టేషన్‌కి ఆ పేరు దీన్నిబట్టే వచ్చిందని చెబుతారు. ఇంగ్లిష్ కవి నిస్సిం ఎజెకిల్, పాత హిందీ సినిమాల నటుడు డేవిడ్ వీళ్ళలోవాళ్ళే. 1948 తర్వాత ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. బెనె ఇస్రాయెల్, కొచ్చిన్, బాగ్దాదీ అందరినీ కలిపినా ఇప్పుడు దేశంలో యూదులు కొన్ని వేలమందే. మహారాష్ట్ర ప్రభుత్వం 2016లో వాళ్ళకు మైనారిటీ హోదా ఇచ్చింది.

ఇంటిపేరు చూసి చెప్పేయొచ్చా?

చెప్పలేం. చౌల్ ఊరివాళ్ళు చేవుల్కర్, పేణ్ ఊరివాళ్ళు పేణ్కర్, ఇలా ఊరి పేరుకు 'కర్' తగిలిస్తారు. కానీ మరాఠీ హిందువులదీ అదే పద్ధతి. ఇంటిపేరుతో పాటు తాత పేరు ఎలియా, మోజెస్, సామ్యూల్ లాంటిదైతే ఆలోచించొచ్చు. అప్పుడు కూడా క్రైస్తవ కుటుంబం అయ్యుండొచ్చు.

పెసహ్, మన తెలుగు బైబిల్లోని పస్కా ఒకటేనా?

ఒకటే. ఈజిప్టులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులు మోషే వెంట బయటపడ్డ రాత్రిని తలచుకునే పండుగ. నిర్గమకాండం 12వ అధ్యాయంలో 'పొంగని రొట్టెలు', 'చేదుకూరలు' అని చదివింది ఈ భోజనం గురించే. పిండి పొంగేదాకా ఆగే టైమ్ లేక అలాగే కాల్చుకుని పరుగెత్తారని కథ.

ఎప్పుడు వస్తుంది?

నిసాన్ నెల పౌర్ణమికి. మన పంచాంగంలాగే యూదుల లెక్క కూడా చంద్రుడితో నడుస్తుంది, రుతువులు తప్పిపోకుండా అధిక మాసం కలుపుతారు. వాళ్ళకి 19 ఏళ్ళలో 7 సార్లు. అందుకే చాలా ఏళ్ళు పెసహ్, చైత్ర పౌర్ణమి పక్కపక్కనే పడతాయి. 2025లో ఏప్రిల్ 12 సాయంత్రం మొదలైంది, మహారాష్ట్రలో ఆ రోజే హనుమజ్జయంతి. 2026లో ఏప్రిల్ 1 సాయంత్రం, 2027లో ఏప్రిల్ 21 సాయంత్రం మొదలు. సూర్యాస్తమయంతో రోజు మారుతుంది కాబట్టి పండుగ ఎప్పుడూ ముందు సాయంత్రమే వచ్చేస్తుంది. ఇజ్రాయెల్‌లో 7 రోజులు, బయటి దేశాల్లో సంప్రదాయం పాటించేవాళ్ళకు 8 రోజులు.

బెనె ఇస్రాయెల్ వాళ్ళు ఈ పండుగనే మర్చిపోయారని విన్నాం, నిజమేనా?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. మిగతా యూదులతో శతాబ్దాలపాటు రాకపోకలు లేక, వాళ్ళు చాలా పోగొట్టుకున్నారు. హీబ్రూ రాదు, పుస్తకాలు లేవు, పెసహ్ అనే పేరు కూడా లేదు. కానీ ఆ రోజులు రాగానే ఇంట్లో ఏడాది పొడవునా చట్నీలా వాడుకునే పుల్లటి ద్రవం జాడీకి మూత బిగించేసి, ఎనిమిది రోజులు ముట్టుకునేవాళ్ళు కాదు. ఆ పండుగకు వాళ్ళు పెట్టుకున్న పేరు మరాఠీలో 'అనాశీ ఢాకాచా సణ్', అంటే జాడీ మూసే పండుగ. ఎందుకు మూస్తున్నామో తెలియదు, మూయడం మాత్రం తెలుసు.

తర్వాత కొచ్చిన్ నుంచి, బాగ్దాద్ నుంచి వచ్చిన యూదులు చెప్తే, ఆ జాడీ వెనక మోషే కథ ఉందని తెలుసుకున్నారు. 1846కల్లా ముంబైలో మరాఠీ అనువాదంతో హగ్గదా అచ్చయింది. ఆ పండుగ రాత్రి చదివే పుస్తకాన్ని హగ్గదా అంటారు. 1874లో పుణేలో అచ్చయిన దాంట్లో బొమ్మలు కూడా ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ పుస్తకాల నమూనాలో గీసినవే అయినా, రొట్టెలు చేసే బొమ్మలో ఆడవాళ్ళు మాత్రం చీరలు కట్టుకుని ఉంటారు. ఆ పేజీ ఫొటో చూసి మా అత్తయ్య, "చెయ్యి అలా పెడితే రొట్టె సరిగా రాదు" అని వంక పెట్టింది.

పండుగకు ముందు ఇంట్లో ఏం చేస్తారు?

దులుపుడు. సంక్రాంతికి మా అమ్మ చేసే దులుపుడు దీని ముందు ఎందుకూ పనికిరాదు. గోధుమ, బార్లీ లాంటి ఐదు ధాన్యాల పిండి నీళ్ళు తగిలి పులిస్తే దాన్ని హమేట్జ్ అంటారు. బ్రెడ్డు, బిస్కెట్టు, చపాతీ, సేమ్యా, బీరు అన్నీ అందులోకే వస్తాయి. పండుగ రోజుల్లో అది తినకూడదు సరే, ఇంట్లో ఉండనే కూడదు. ముందురోజు రాత్రి కొవ్వొత్తి పట్టుకుని మూలమూలా వెతుకుతారు. వెతకడానికి ఏదో ఒకటి దొరకాలి కదా, అందుకని కొందరు పది రొట్టెముక్కలు దాచి పిల్లలతో వెతికిస్తారు. దొరికినదాన్ని పొద్దున్నే కాల్చేస్తారు. మొదటి ఏడు మేం పది దాచి, తొమ్మిదే దొరికి, పదోదాని కోసం రాత్రి ఒంటిగంట దాకా సోఫాలు జరిపాం. అది మా పాప స్కూల్ బ్యాగులో ఉంది.

పాత రోజుల్లో కొంకణ్ ఇళ్ళకు సున్నాలు కొట్టించి, రాగిగిన్నెలకు కళాయి వేయించేవాళ్ళు. ఆజీ కూడా ప్రతి ఏడూ ఎండలు ముదిరే ముందు గిన్నెలన్నీ కళాయికి పంపేదని అత్తయ్యకు గుర్తు. స్టీలు సామాను వచ్చాక కూడా రాగిచెంబు ఒక్కటి పంపేదట.

ఇడ్లీ, దోసె తినొచ్చా? పిండి పులుస్తుంది కదా?

తెలుగువాళ్ళందరూ అడిగేది ఇదే. యూదు ధర్మం ప్రకారం హమేట్జ్ అయ్యేది ఆ ఐదు ధాన్యాలే. బియ్యం, మినుములు ఎంత పులిసినా హమేట్జ్ కావు. కాకపోతే యూరప్ నుంచి వచ్చిన అష్కెనాజీ యూదులు ముందుజాగ్రత్తగా బియ్యం, పప్పులు కూడా మానేస్తారు. మన దేశపు యూదులు బియ్యం తింటారు. ఇక్కడ పుట్టిపెరిగి, ఎనిమిది రోజులు అన్నం లేకుండా ఎవరుంటారు?

అసలు చిక్కు ఇంగువతో వస్తుంది. బజార్లో దొరికే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమపిండి కలుస్తుంది. నేను రసం పెట్టి, అంతా శుద్ధంగా చేశానని మురిసిపోతుంటే, పండుగకు సాయానికి వచ్చిన పెద్దావిడ డబ్బా తిప్పి చదివి నా చేతికిచ్చింది. గిన్నెడు రసం పోయింది. ఉప్మా రవ్వ సంగతి ఇక చెప్పక్కర్లేదు.

మట్జా ఇంట్లో చేసుకోవచ్చా?

మట్జా అంటే ఆ పొంగని రొట్టె. గోధుమపిండి, నీళ్ళు, అంతే. ఉప్పు కూడా వేయరు. పిండికి నీళ్ళు తగిలిన క్షణం నుంచి 18 నిమిషాల్లో కాలి బయటికి రావాలి. తడిపి మూతపెట్టి నాననివ్వడం అలవాటైన చేతులకు ఇది పరీక్షే. నిష్ఠగా ఉండేవాళ్ళు కోతల నాటి నుంచి తడి తగలకుండా కాపాడిన గోధుమలే వాడతారు, కాబట్టి ముంబైలో సమాజంవాళ్ళ ద్వారా వచ్చే డబ్బా మట్జా తెచ్చుకుంటారు. మేమూ అంతే. రుచి అడక్కండి, అట్టముక్కే.

సెదర్ రాత్రి ఎలా జరుగుతుంది?

సెదర్ అంటే వరస. పెసహ్ రాత్రి కథ, ప్రార్థనలు, భోజనం అన్నీ ఒక వరసలో సాగుతాయి. మొత్తం పదిహేను అంచెలు, మధ్యలో ఎక్కడో భోజనం. ఆకలితో వెళ్ళకండి.

బల్ల మీద ఒక పళ్ళెం ఉంటుంది. అందులో చేదు ఆకు, ఉప్పునీళ్ళలో ముంచి తినే పచ్చటి కూర, కాల్చిన ఎముక, ఉడికించి కాల్చిన గుడ్డు, హరోసెత్ అనే తీపి ముద్ద. బానిసలు ఇటుకలు పేర్చిన అడుసుకు గుర్తు ఈ ముద్ద. యూరప్ వాళ్ళు యాపిల్‌తో చేస్తారు, ఇక్కడ ఖర్జూరాలు నానబెట్టి, వడకట్టి, పాకం వచ్చేదాకా మరిగిస్తారు. తీపి, చేదు పక్కపక్కన చూడగానే "ఉగాది పచ్చడే కదా" అంటారు అందరూ. నేనూ అన్నాను. ఆ పెద్దావిడ ఒప్పుకోలేదు. "మీ పచ్చడి రాబోయే ఏడాది కోసం, ఇది అయిపోయినదాని కోసం" అంది. ఉప్పునీళ్ళు కన్నీళ్ళట.

ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళు నాలుగు ప్రశ్నలు అడగాలి. 'ఈ రాత్రి మిగతా రాత్రుల కంటే ఎందుకు వేరు?' అని మొదలవుతాయి. జవాబుగా పెద్దలు కథంతా చదువుతారు. ఈజిప్టు మీద పడిన పది తెగుళ్ళ పేర్లు చదివేటప్పుడు ఒక్కోదానికి ఒక్కో చుక్క ద్రాక్షరసం గ్లాసులోంచి తీసేస్తారు. శత్రువులే అయినా చచ్చింది మనుషులు కదా, మన గ్లాసు నిండుగా ఉండకూడదని దానికి చెప్పే కారణాల్లో ఒకటి.

మా పాపకు అప్పుడు ఎనిమిదేళ్ళు. నాలుగు ప్రశ్నలూ మరాఠీలో అప్పజెప్పేసి, నా వైపు తిరిగి తెలుగులో, "అమ్మా, ఫరో మనసుని దేవుడే కఠినం చేస్తే ఫరో తప్పేముంది?" అంది. ఫరో అంటే ఆ కథలోని ఈజిప్టు రాజు. నేను అనువాదం చేశాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నలభై నిమిషాలు వాదించుకున్నారు, మటన్ చల్లారిపోయింది. ఎవరూ దాన్ని విసుక్కోలేదు. మా వైపు పూజల్లో పిల్ల ఇలా అడ్డుతగిలితే ఏమయ్యేదో నాకు తెలుసు.

చివర్లో ఒక గ్లాసు ఎవరూ తాగకుండా వదిలేస్తారు. అది ఏలీయా ప్రవక్తది. ఆయన కోసం తలుపు తీస్తారు. కొంకణ్ యూదులకు ఏలీయా అంటే ప్రాణం. మొక్కు తీరితే అటుకులు, కొబ్బరికోరు, చక్కెర, పళ్ళు కలిపి 'మలీదా' పెడతారు. అలీబాగ్ దగ్గర ఖండాలా అనే ఊళ్ళో ఒక బండ మీద గీతలు ఉన్నాయి, అవి ఆయన రథచక్రాల జాడలంటారు.

ద్రాక్షసారా తప్పనిసరా?

నాలుగు గ్లాసులు తాగాలి, మద్యమే కానక్కర్లేదు. ఇక్కడి ఇళ్ళల్లో నల్ల కిస్‌మిస్ నానబెట్టి, పిసికి, వడకట్టిన షర్బత్ చేసుకుంటారు. అత్తయ్య ఆ వాసన చూడగానే, "ఇది ఆయీ ఎండాకాలం షర్బత్" అంది.

గుమ్మం మీద రక్తపు చేతిముద్ర వేస్తారట?

కొన్ని బెనె ఇస్రాయెల్ ఇళ్ళల్లో ఉండేది. మేక రక్తంలో అరచెయ్యి ముంచి, కాగితం మీద అద్ది, గుమ్మం పైన తగిలించేవాళ్ళు. ఇశ్రాయేలీయులు ద్వారబంధాలకు గొర్రెపిల్ల రక్తం పూసిన కథకు గుర్తు. మేం చేయలేదు.

డీఎన్‌ఏ టెస్టు చేయించుకుంటే తేలిపోతుంది కదా?

మా మరిది చేయించాడు. శాతాలు వచ్చాయి, గొడవ మిగిలింది. 2016లో బెనె ఇస్రాయెల్ జన్యువుల మీద వచ్చిన పరిశోధనలో పశ్చిమాసియా యూదుల మూలం, స్థానిక భారతీయ మూలం రెండూ గట్టిగానే కనిపించాయి. వచ్చినవాళ్ళలో ఎక్కువ మగవాళ్ళు, ఇక్కడ కలిసినవాళ్ళలో ఎక్కువ ఆడవాళ్ళు అని కూడా తేలింది. యూదు ధర్మం మాత్రం తల్లి వైపు నుంచి లెక్కపెడుతుంది. కాబట్టి టెస్టు కాగితం రబ్బీకి, అంటే యూదుల మతగురువుకి, చూపిస్తే పని అవుతుందనుకోకండి. కుతూహలం ఉంటే చేయించుకోండి, తప్పేం లేదు.

అయితే మీ ఆయన యూదుడేనా? మీ పాప?

తల్లి తల్లి యూదురాలు కాబట్టి అత్తయ్య యూదురాలు, అందువల్ల మా ఆయన యూదుడు, సంప్రదాయం లెక్క ఇది. నేను కాదు కాబట్టి పాప కాదు. అమెరికాలో రిఫార్మ్ శాఖవాళ్ళు 1983 నుంచి తండ్రి వైపును కూడా ఒప్పుకుంటున్నారు, పిల్లలు యూదులుగా పెరిగితేనే. ఇజ్రాయెల్ 1950లో చేసి, 1970లో సవరించిన చట్టం మళ్ళీ వేరు. అది మనవల దాకా వలస హక్కు ఇస్తుంది, వేరే మతం స్వీకరించినవాళ్ళకు ఇవ్వదు. అంటే ఒకే ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో జవాబు. ఇదంతా విని అత్తయ్య, "నేను ఇప్పటిదాకా ఎవరినో, రేపటి నుంచీ అదే" అని వినాయకుడికి దీపం పెట్టుకుంది.

బెనె ఇస్రాయెల్ వాళ్ళకే ఈ తిప్పలు తప్పలేదు. వాళ్ళ పెళ్ళిళ్ళ విషయంలో ఇజ్రాయెల్‌లోని మతపెద్దలు పూర్వీకుల గురించి ఆరా తీయాలంటే, రోడ్డెక్కి పోరాడారు. 1964లో గానీ ప్రభుత్వం వాళ్ళను అన్ని విధాలా పూర్తి యూదులుగా ప్రకటించలేదు.

ఇజ్రాయెల్ వెళ్ళిపోతారా?

లేదు.

తెలుగు నేల మీద యూదులు ఉన్నారా?

ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది, వాళ్ళకు సినగాగ్ కూడా ఉంది. తాము ఎఫ్రాయిము గోత్రంవాళ్ళమని చెప్పుకుంటారు. ఎక్కువమంది మాదిగ కుటుంబాలవాళ్ళు, అంతకుముందు క్రైస్తవులు, 1980ల చివర నుంచి యూదు ఆచారాలు పాటిస్తున్నారు. ఇజ్రాయెల్ వాళ్ళను ఇంకా గుర్తించలేదు. "వీసా కోసం వేషాలు" అని ఎగతాళి చేసేవాళ్ళను చూశాను. కొంకణ్ యూదులనూ ఒకప్పుడు ఇలాగే నిలదీశారు కాబట్టి నాకు ఆ నవ్వు నచ్చదు.

మా ఇంట్లోనూ ఇలాంటి అనుమానం ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

కాగితాల కంటే ముందు బతికున్న పెద్దవాళ్ళ దగ్గర. "మనం యూదులమా?" అని అడక్కండి, బెదిరిపోతారు. "అమ్మమ్మ వంటింట్లో ఏవి కలపనిచ్చేది కాదు? ఏ రోజు పని చేసేది కాదు? ఏ పండుగకు ఏం మూసిపెట్టేది?" అని అడగండి, ఫోన్లో రికార్డు చేయండి. తర్వాత సమాధులు చూడండి, రాయి మీద హీబ్రూలో తండ్రి పేరు కూడా ఉంటుంది. పెళ్ళి ఒప్పంద పత్రం, అంటే కెతుబా, దొరికితే అదృష్టమే. సినగాగ్ రిజిస్టర్లు, సైన్యం, రైల్వే సర్వీసు కాగితాలు, ముంబై మజ్‌గావ్‌లో యూదు పిల్లల కోసం నడిచిన స్కూలు రికార్డులు పనికొస్తాయి. సినగాగ్‌కి ముందు ఫోన్ చేసి వెళ్ళండి, ఆధార్ పట్టుకెళ్ళండి. 2008 ముంబై దాడుల తర్వాత భద్రత గట్టిగా ఉంటుంది.

యూదులం కాని మేం సెదర్ చేసుకోవచ్చా?

అతిథిగా పిలిస్తే హాయిగా వెళ్ళండి. 'ఆకలిగా ఉన్నవాళ్ళంతా వచ్చి తినండి' అని ఆ రాత్రి మొదట్లోనే చదువుతారు. చర్చి హాల్లో సొంతంగా పళ్ళెం పేర్చి, అర్థాలు మార్చి చేసే 'సెదర్' మాత్రం యూదులు చాలామందికి నొప్పిగా ఉంటుంది. యేసు చివరి భోజనాన్ని తలచుకోవడానికి మీకు మీ ఆరాధన ఉండనే ఉంది.

పండుగకు పిలిస్తే ఏం పట్టుకెళ్ళాలి?

పూలు, పళ్ళు. కేకు, బిస్కెట్లు, బేకరీ సరుకు వద్దు. మైసూర్‌పాకు, లడ్డూ లాంటివి కూడా ఏ పిండి తగిలిందో తెలియదు కాబట్టి వద్దు.

మా అమ్మ ఒక ఏడు రాజమండ్రి నుంచి సెదర్‌కి వచ్చింది, చేతిలో ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. నాకు గుండె ఆగినంత పనైంది. పెద్దావిడ పెట్టె తెరిచి ఒక్కో ప్రశ్నా వేసింది. రేకు దేంతో? బియ్యం. లోపల? పంచదార. సరే, హమేట్జ్ లేదు. తడిగా మెరుస్తోంది, ఏమిటి? నెయ్యి. బల్ల మీద మటన్ ఉంది. మాంసంతో నెయ్యి కుదరదు. అమ్మ ముఖం చిన్నబోయింది. పెద్దావిడ పెట్టె మూసి, ఆ రాత్రికి తన గదిలో బీరువా పైన పెట్టింది. పొద్దున్నే నేను లేచేసరికి ఇద్దరూ వంటింట్లో కూర్చుని, ఒకరి భాష ఒకరికి రాకుండానే, టీ పక్కన పెట్టుకుని రేకులు విప్పుకుంటూ తింటున్నారు. నాలుగే మిగిలాయి.